కోనో తరోనా, టారో కోనోనా?

సందేహం: జపాన్ మంత్రిగా చేసిన ఒకాయన పేరు ఒకచోట ‘టారో కోనో’ అని, ఇంకోచోట ‘కోనో తారో’ అని చూశాను. తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: ‘కోనో తరో’ అని రాయండి. కోనో ఇంటిపేరు, తరో పెట్టిన పేరు. జపాన్‌వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్తారు. మనమెవరమైనా ‘వీరేశలింగం కందుకూరి’ అంటామా? మెయిజీ కాలం (1868-1912) నుంచి ఇంగ్లీషులో రాసేటప్పుడు వాళ్ళే తిరగేసి రాసుకున్నారు. మన పత్రికలు ఇంగ్లీషు వార్తను దించుకుంటాయి కనక ఆ తిరగేత కూడా దిగింది.

తమాషా ఏమిటంటే, ఈ తిరగేత మానమని అడిగింది ఈ కోనోయే. 2019 మేలో, విదేశాంగ మంత్రిగా ఉండగా, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నారు కదా, మా ప్రధానినీ ‘అబే షింజో’ అనే రాయండని విదేశీ పత్రికలవాళ్ళను కోరారు. 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వ పత్రాల్లో, రోమన్ లిపిలో రాసినా సరే, ఇంటిపేరే ముందు.

‘టా’ వద్దు. జపనీస్‌లో అది మన ‘త’యే, పైగా పొట్టిది. ‘రో’కే దీర్ఘం. ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘తా’ అని సాగదీశాం. నిక్కచ్చిగా అయితే ఇంటిపేరు ‘కోనొ’. కానీ తెలుగులో మాట చివర పొట్టి ‘ఒ’ దాదాపు రాదు, కాబట్టి ‘కోనో’తో సరిపెట్టుకుందాం. ఆ లెక్కన ‘టోక్యో’ కూడా ‘తోక్యో’యే, అయితే అది పాతుకుపోయింది, కదిలించకండి.

వ్యాసమంతా ‘కోనో’ అని ఊరుకుంటే ఇంకో చిక్కుంది. తాత ఇచిరో వ్యవసాయ మంత్రి. తండ్రి యోహే విదేశాంగ మంత్రి, తర్వాత ప్రతినిధుల సభ స్పీకర్. మనవడు తరో 1996లో కనగావా నుంచి అదే సభకు వచ్చి విదేశాంగం, రక్షణ, పాలనా సంస్కరణలు చూశారు. డిజిటల్ మంత్రిగా, ఫ్లాపీ డిస్కులు తెమ్మనే నిబంధనల మీద పడి 2024 నాటికి దాదాపు అన్నీ తీయించారు. ముగ్గురూ కనబడే వాక్యంలో మాత్రం పెట్టిన పేరు వాడక తప్పదు.

గౌరవం కలిపితే ‘కోనో గారు’ అనండి. మనం రామారావు గారు అంటాం గానీ, అక్కడ మన ‘గారు’ లాంటి ‘సాన్’ మామూలుగా ఇంటిపేరుకే తగులుతుంది.