ఊగుతున్న పుస్తకాల అరకు వెనుక పలకను ఎలా బలపరచాలి?

కడపలోని అద్దె ఇంట్లో మీరే బిగించుకున్న పుస్తకాల అర పక్కకు ఊగుతోందని, వెనుక పలక మేకులు వదిలి ఉబ్బిందని అడిగారు. గోడలో పొదిగిన కడప బండల అరలకు ఉన్నట్టు దీనికి గోడ పట్టు ఉండదు. చట్రం పక్కకు ఒరగకుండా ఆపేది ఆ 3 మి.మీ. పలుచని పలకే. దాని స్థానంలో 6 మి.మీ. ప్లైవుడ్ వేయడం మేలని నా అభిప్రాయం.

అరను బోర్లా పడుకోబెట్టి, మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా టేపుతో కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యే వరకు చట్రాన్ని సర్దిన తరువాతే ప్లైవుడ్ బిగించాలి. ఇక్కడ మాత్రం తొందరపడకండి. చట్రంలోని 18 మి.మీ. పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అంచుకు సరిగ్గా నడుమన సన్నని రంధ్రాలు చేసుకొని, 25 మి.మీ. స్క్రూలను జానెడుకొకటి చొప్పున, కదలని నడిమి అరకు కూడా, చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. అతిగా తిప్పితే లోపలి పొట్టు రాలి పట్టు పోతుంది. పైభాగాన్ని ఎల్ బ్రాకెట్‌తో గోడకు కట్టుదిట్టం చేయండి.