కాలేజీ ఆటగాళ్ల చదువుకు బహుమతి: ఎవరికి, దేనికి?

అమెరికా కాలేజీ జట్లలో ఆటగాళ్లు చదువులో బాగా రాణిస్తే కోచ్‌కూ ఆటగాడికీ డబ్బు ఇవ్వడం సబబేనా అని మీరు అడిగారు. ఆటగాడికి ఇవ్వడం సబబే. కోచ్‌కు ఇప్పుడున్న పద్ధతిలో ఇవ్వడం మాత్రం నాకు సమ్మతం కాదు. అక్కడ ఎం.ఎస్. చదివే రోజుల్లో ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయపు క్రీడా విభాగంలో ఆటగాళ్లకు స్టాటిస్టిక్స్ చెప్పే ట్యూటర్‌గా పనిచేసినందువల్ల ఏర్పడిన అభిప్రాయం ఇది.

కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ చదువును కొలవడానికి ఏపీఆర్ అనే లెక్కను వాడుతుంది. స్కాలర్‌షిప్ పొందే ప్రతి ఆటగాడికీ సెమిస్టర్‌కు రెండు పాయింట్లు ఉంటాయి: కాలేజీలో కొనసాగితే ఒకటి, ఆడటానికి కావలసిన చదువు అర్హతను నిలుపుకుంటే మరొకటి. జట్టుకు వచ్చిన పాయింట్లను రాగలిగిన పాయింట్లతో భాగించి వెయ్యితో గుణిస్తారు. నియమం ప్రకారం నాలుగేళ్ల సగటు 930 కంటే తగ్గితే సీజన్ చివరి టోర్నమెంట్లలో ఆ జట్టుకు చోటుండదు. 2019-20 నుంచి బహుమతి కూడా చేరింది: ఏపీఆర్ 985కు చేరడం, పట్టభద్రుల శాతం 90కి చేరడం వంటి షరతుల్లో ఒకటి నెరవేరినా ఎన్‌సీఏఏ ఆదాయంలో కొంత వాటా విశ్వవిద్యాలయానికి వస్తుంది. ఇవే అంకెలు చాలామంది కోచ్‌ల కాంట్రాక్టుల్లో బోనస్‌కు ఆధారం. గెలుపుకిచ్చే బోనస్ సాధారణంగా దీనికంటే ఎక్కువే ఉంటుందనుకోండి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ అంకె కొలిచేది అర్హతనే గాని చదువును కాదు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, అయిదో ఏటికి 80 శాతం పూర్తయి ఉండాలన్నది నియమం. వినడానికి మంచి నియమమే. కాని రెండో ఏడాది చివర మేజర్ (డిగ్రీలో ప్రధాన విషయం) మార్చుకోవాలనుకునే విద్యార్థికి అదే సంకెల అవుతుంది, ఎందుకంటే పాత మేజర్‌లో చేసిన కోర్సులు కొత్తదానిలో లెక్కకు రాకపోతే ఆ శాతం పడిపోయి, ఆడే అర్హతా పోతుంది, జట్టుకు ఒక పాయింటూ పోతుంది. నా దగ్గరకు వచ్చే ఒక ఫుట్‌బాల్ ఆటగాడు లెక్కల్లో చురుకైనవాడు, ఇంజనీరింగ్‌కు మారాలనుకున్నాడు. మధ్యాహ్నపు ల్యాబ్‌లు ప్రాక్టీస్ వేళకు అడ్డొస్తాయని, పైగా శాతం సరిపోదని సలహాదారు అతనికి ఎంతో ఆప్యాయంగానే నచ్చజెప్పారు. అతను ఉన్నచోటే ఉండిపోయాడు. జట్టు లెక్కలో అతను రెండు పాయింట్లూ తెచ్చిన మంచి విద్యార్థి!

పనిచేసే మనుషుల్లో నిజాయితీ లేదని నా ఉద్దేశం కాదు. విద్యార్థి కాగితం మీద ట్యూటర్ కలం పెట్టకూడదన్న కట్టుబాటు మా దగ్గర గట్టిగా అమలయ్యేది. అన్నిచోట్లా అలా ఉండదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1993 నుంచి 2011 దాకా తరగతే జరగని కోర్సుల్లో సుమారు 3,100 మంది చేరారని, వారిలో దాదాపు సగం మంది ఆటగాళ్లేనని 2014 నాటి విచారణ నివేదిక తేల్చింది. అది కోచ్‌ల బోనస్ కోసం జరిగిందని నేను అనడం లేదు. అర్హత ఒక్కటే లక్ష్యమైనప్పుడు చదువు ఎంత పలచబడగలదో చెప్పడానికే ఉదహరిస్తున్నాను.

శిక్ష కూడా సరైనవారికి తగలడం లేదు. కనెటికట్ విశ్వవిద్యాలయపు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టును తక్కువ ఏపీఆర్ కారణంగా 2013 టోర్నమెంట్‌కు దూరంగా ఉంచారు. ఆ అంకెలు వచ్చిన కాలపు కోచ్ జిమ్ కాల్హూన్ 2012లోనే విరమించారు. నిషేధాన్ని మోసింది ఆయన తర్వాత కోచ్ అయిన కెవిన్ ఓలీ, ఓలీ కింద ఆడిన కుర్రాళ్లు. మరుసటి ఏడాది ఆ జట్టే జాతీయ విజేత అయింది.

ఆటగాడి సంగతి వేరు. చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులను ఆటగాళ్లు సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో 2021 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, చదువులో ప్రతిభకు ఏడాదికి 5,980 డాలర్ల దాకా ఇచ్చే వీలు విశ్వవిద్యాలయాలకు కలిగింది. తెల్లవారకముందే కొలనులో దిగి, తల ఆరకుండానే నా బల్ల ముందు కూర్చునే ఈత అమ్మాయిలకు ఆ డబ్బు న్యాయంగా అందవలసిందే, వాళ్లలో చాలామందికి ఆట తర్వాత మిగిలేది డిగ్రీయే కనుక. అయితే దాన్ని జీపీఏకు (గ్రేడ్ల సగటుకు) ముడిపెడితే మళ్లీ సులువైన కోర్సుల వైపే తోసినట్లవుతుంది. కొంత ఏటా ఇచ్చి, పెద్ద భాగాన్ని పట్టా చేతికొచ్చిన రోజున ఇవ్వాలని, మధ్యలో చదువు వదిలినవాడు తిరిగివచ్చి పూర్తిచేసినా అది దక్కాలని నా అభిప్రాయం.

ఇక కోచ్‌కు బోనస్ ఇవ్వక తప్పదంటే, ఆయన చేతిలో ఉన్నదానికి, అంటే విద్యార్థుల సమయాన్ని ఎలా వాడారన్నదానికి ఇవ్వాలి. ల్యాబ్ ఉన్న విద్యార్థి ప్రాక్టీస్ వేళ మార్చారా, ఆటకు వారానికి 20 గంటలు మించకూడదన్న ఎన్‌సీఏఏ పరిమితిని మాటవరసకు కాక నిజంగా పాటించారా, కోరుకున్న మేజర్‌లోనే పట్టా పొందినవారు జట్టులో ఎందరు అన్నవి చూడాలి. సొమ్ము కూడా సీజన్ ముగియగానే కాక, ఆయన చేర్చుకున్న విద్యార్థులు పట్టభద్రులయ్యాక, అప్పటికి ఆయన వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయి ఉన్నా సరే, అప్పుడే చెల్లించాలి.