మార్గదర్శకానికి మార్కులు వేసేటప్పుడు ముందు ఏం చూడాలి?

సంతానలేమి చికిత్సపై రెండు వైద్య సంఘాల మార్గదర్శకాలు ఒకే విషయంలో వేర్వేరుగా చెబుతున్నాయని, వాటిలో ఏది మేలైనదో ఎలా తేల్చుకోవాలని మీరు అడిగారు. ఒక సమీక్ష బృందంలో ఇటువంటి పత్రాలకు మార్కులు వేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

మేము వాడినది 2010లో వెలువడిన అగ్రీ 2 (AGREE II) అనే సాధనం, అంటే వైద్య మార్గదర్శకాల నాణ్యతను అంచనా వేసే ప్రశ్నావళి. అందులో 6 విభాగాల కింద 23 అంశాలు ఉంటాయి. ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేయాలి. కనీసం ఇద్దరు, వీలైతే నలుగురు ఎవరికి వారు విడిగా చదివి వేయాలన్నది నియమం. అది ఎందుకు పెట్టారో మొదటి పత్రంతోనే నాకు తెలిసివచ్చింది. చక్కటి ఫ్లోచార్టులు చూసి ముచ్చటపడి, నేను ధారాళంగా మార్కులు వేసుకుంటూ పోయాను. 'రచయితలకు ప్రయోజన వైరుధ్యాలు లేవు' (అంటే తీర్పును ప్రభావితం చేసే సొంత లాభాలేవీ లేవు) అన్న ఒక్క వాక్యానికి నేను 6 వేస్తే, నా సహచరురాలు 2 వేశారు. ఆ వివరాలు ఎలా సేకరించారో, వైరుధ్యం ఉన్నవారిని ఏ చర్చ నుంచి తప్పించారో ఎక్కడ రాశారని ఆవిడ అడిగితే, నేను చూపించగలిగింది ఏమీ లేదు.

అప్పటి నుంచి రూపకల్పనలో కట్టుదిట్టం (ఆధారాలను ఎలా వెతికి సిఫార్సులు చేశారన్నది), సంపాదక స్వతంత్రత (నిధులిచ్చినవారి, రచయితల సొంత ప్రయోజనాల ప్రభావం పడిందా అన్నది) అనే విభాగాలనే ముందు చదువుతున్నాను. మొదటిదానిలో 8 అంశాలుంటాయి కాబట్టి ఇద్దరు కలిసి వేయగలిగేది కనిష్ఠంగా 16, గరిష్ఠంగా 112. శాతాన్ని కనిష్ఠం నుంచి లెక్కిస్తారు కాబట్టి, మొత్తం 64 వస్తే అది 96లో 48, అంటే 50 శాతం. ఆరు విభాగాలకూ కలిపి సగటు తీయకండి, స్పష్టంగా రాసినందుకు వచ్చిన మార్కులు ఆధారాల లోటును కప్పేస్తాయి.

అయితే పత్రాన్ని ఎంత పద్ధతిగా తయారుచేశారో ఈ సాధనం చెబుతుందే గానీ, సిఫార్సు సరైనదో కాదో చెప్పదు. మన రంగంలో ఫలితాన్ని దేనితో కొలిచారన్నది విడిగా చూడక తప్పదు: గర్భ పరీక్ష పాజిటివ్ రావడం వేరు, బిడ్డ సజీవంగా పుట్టడం వేరు. శాతాన్ని పిండ బదిలీల (పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడాల) సంఖ్యతో లెక్కిస్తే, బదిలీ దాకా రాలేకపోయిన స్త్రీలు లెక్కలోంచే జారిపోతారు. ఆధారాల వెతుకులాట ఏ తేదీతో ఆగిందో కూడా చూడండి. ఐవీఎఫ్‌కు ముందు గర్భాశయ లోపొరను గీరడం మేలు చేస్తుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. 1364 మంది స్త్రీలపై జరిగి 2019లో వెలువడిన ప్రయోగంలో గీరినవారిలోనూ, గీరనివారిలోనూ సజీవ జననాలు 26.1 శాతమే. అంతకుముందే వెతుకులాట ఆపిన పత్రంలో ఈ ఫలితం ఉండదు.

మీ రెండు పత్రాలూ ఆ సిఫార్సుకు ఒకే పరిశోధనలను ఆధారం చేసుకున్నాయా అన్నది ముందు సరిచూసుకోండి. అవి ఒకటే అయినా సిఫార్సులు వేరైతే, ఆ బృందాల్లో ఎవరెవరు కూర్చున్నారో, చికిత్స పొందినవారి ప్రతినిధులకు చోటిచ్చారో లేదో చదవాల్సి ఉంటుంది.