గడ్డిభూముల కోసం అమెరికా వెళ్తానంటోంది... పొలం అమ్మి పంపాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. తొమ్మిదెకరాల మెట్ట ఉంది, శెనక్కాయ, కంది వేస్తాం. అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేసింది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో వన్యప్రాణి సంరక్షణ మీద ఎంఎస్ సీటు వచ్చింది. అక్కడ రైతుల భూములు కొని బైసన్ అనే దున్నలకు వదిలేసే సంస్థ ఒకటుందట, అందులో పనిచేయాలన్నది తన కోరిక. నేను వీడియోలు చూస్తే అక్కడి రైతులు 'కౌబాయ్‌ని కాపాడండి' అని బోర్డులు పెట్టుకున్నారు. రైతుబిడ్డ అయ్యుండి రైతుల పొట్ట కొట్టే ఉద్యోగమా అని మాకు నిద్ర పట్టడం లేదు. కన్సల్టెన్సీ వాళ్లు మొత్తం 40 లక్షలవుతుందన్నారు. నాలుగెకరాలు వెంచర్ వాళ్లకు అమ్ముదామనుకుంటున్నా. అక్కడికి పంపాలా, ఇక్కడే చదివించాలా? పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: అన్నగారూ, పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. దానికంటే ముందు ఇంకో మాట. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, దేశం మారుతుంది, లోపలి భయం మాత్రం మారదు. పిల్ల పోతే తిరిగి రాదేమో, నా తర్వాత ఈ పొలం ఎవరు చూస్తారు అన్నదే ఆ భయం. మోంటానా రైతుల గురించి మూడు వాక్యాలు రాశారు, మీ నాలుగెకరాల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఒక్క వాక్యమేనని నాకు అనిపించింది.

ముందు ఆ సంస్థ సంగతి. మీ అమ్మాయి చెబుతున్నది అమెరికన్ ప్రెయిరీ గురించే అయ్యుండాలి. 2001లో మొదలైంది, 2004లో మొదటి రాంచ్ (పశువులు పెంచే పెద్ద భూమి) కొంది. 2005లో సౌత్ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్క్ నుంచి 16 బైసన్లను తెచ్చుకుంది. మోంటానా ఈశాన్యాన మిసోరీ నది వెంట చార్లెస్ ఎం. రసెల్ పేరుతో 11 లక్షల ఎకరాల వన్యప్రాణి ఆశ్రయం ఉంది. దాని చుట్టుపక్కల అమ్మకానికి వచ్చిన రాంచ్‌లను ఒక్కొక్కటిగా కొని, ప్రభుత్వ భూములతో కలిపి 32 లక్షల ఎకరాల గడ్డినేలను ఒకే ముక్కగా చేయాలన్నది వాళ్ల లక్ష్యం. సొంతం, లీజు కలిపి ఇప్పటికే 5 లక్షల ఎకరాలు దాటింది.

అక్కడ ఒక రాంచ్ కొంటే వచ్చేది దాని పట్టా భూమి ఒక్కటే కాదు. ఆ పట్టాను ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూమిలో పశువులు మేపుకునే హక్కు కూడా దాంతోపాటే చేతులు మారుతుంది. గొడవ ఎక్కువగా దీని మీదే. 2022 జులైలో కేంద్ర భూ నిర్వహణ బ్యూరో సుమారు 63,000 ఎకరాల ప్రభుత్వ భూమిలో బైసన్లను మేపుకోవడానికి ఈ సంస్థకు అనుమతిచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం, పశుపోషకుల సంఘం ఒప్పుకోలేదు, అప్పీలుకు వెళ్లాయి.

ఆ రైతుల బాధ అబద్ధం కాదు. ఫిలిప్స్ కౌంటీ అని అక్కడ ఒక జిల్లా లాంటిది ఉంది. 13 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల, 2020 లెక్కల్లో జనం 4,217 మంది. మనకది ఒక పెద్ద పంచాయతీ జనాభా. అలాంటిచోట ఒక్క కుటుంబం రాంచ్ అమ్ముకుని వెళ్లిపోతే బడిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు తగ్గుతారు. దాణా కొట్టుకు ఒక ఖాతా పోతుంది, పశువుల డాక్టరుకు పని తగ్గుతుంది. దూడలకు ముద్ర వేసే రోజున సాయానికి వచ్చే పక్కింటివాళ్లు ఉండరు. పక్క రాంచ్ కొనుక్కుని నిలదొక్కుకుందామనుకున్న కుర్రవాడు దేశమంతటి నుంచి విరాళాలు తెచ్చుకునే సంస్థతో ధర దగ్గర పోటీ పడలేడు. చట్టం ప్రకారం ఎవరికీ అన్యాయం జరగకపోయినా ఊరు పలచబడుతుంది. మీ గుండెకు తగిలింది అదే.

రెండో వైపు కూడా చూడండి. అమ్మినవాళ్లు ఇష్టపడి అమ్మినవాళ్లే. పిల్లలు పట్నాల్లో స్థిరపడి, రాంచ్ చూసుకునే మనిషి లేక అమ్మినవాళ్లు అక్కడా ఉన్నారు. సంస్థ ఆస్తి పన్ను కడుతోంది, తన భూమిలో చాలా భాగాన్ని చుట్టుపక్కల రైతుల పశువుల మేతకు లీజుకిస్తోంది. తమ రాంచ్‌లో పెట్టిన కెమెరాకు ఎలుగుబంటి, ప్యూమా లాంటి జంతువు చిక్కితే ఆ రైతుకు డబ్బు చెల్లించే పథకం కూడా నడుపుతోంది. ఇంకో సంగతి, 'కౌబాయ్‌ని కాపాడండి' అని బోర్డు పెట్టిన కుటుంబాల కంటే ముందు ఆ నేల ఆనీహ్, నకోడా వంటి ఆదివాసీలది. వాళ్లకు కేటాయించిన ప్రాంతం ఫోర్ట్ బెల్‌నాప్ ఆ పక్కనే ఉంది, వాళ్లూ సొంతంగా బైసన్ మందల్ని పెంచుతున్నారు. అక్కడ బైసన్ తిరిగి రావడమంటే కొందరికి ఊరు పోవడం, ఇంకొందరికి పోయిన ఊరు తిరిగి రావడం.

కాబట్టి మీ అమ్మాయి కోరుకున్న పని పాపం కాదు. దాన్ని ఎలా చేస్తారన్నదాన్ని బట్టి మంచీ చెడూ ఉంటాయి. భూమి కొనడానికి ముందు ఊరితో మాట్లాడారా, కొన్నాక ఊరివాళ్లకు అందులో పని, మేత, మాట మిగిలాయా అన్నది చూడాలి. స్కాట్లాండ్‌లో లాంగ్‌హోమ్ అనే చిన్న పట్టణం వాళ్లు 2021లో ఒక జమీందారీ ఎస్టేట్ నుంచి 5,200 ఎకరాలు తామే చందాలు పోగుచేసి కొన్నారు, మరుసటి ఏడాది ఇంకో 5,300 ఎకరాలు కలిపారు. అదీ ప్రకృతి కోసమే. కాకపోతే అక్కడ కొన్నవాళ్లే ఆ ఊరివాళ్లు.

ఇప్పుడు మీ మీద కొంచెం కోపం. ఎక్కడో ఉన్న రైతు భూమి దున్నలకు పోతోందని బాధపడుతున్న మీరు, సొంత నాలుగెకరాలు వెంచర్‌కు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మోంటానాలో ఆ నేల గడ్డిగానైనా మిగులుతుంది. మీ నేలలో హద్దురాళ్లు పాతి, రోడ్లు వేసి, ప్లాట్లు చేస్తారు. ఇల్లు కట్టేవాళ్లు వస్తారో రారో తెలియదు, శెనక్కాయ మాత్రం మళ్లీ రాదు. పక్క రైతుకు దారి పోతుంది, గొర్రెలవాళ్లకు మేత పోతుంది. అమ్మాయికి ఇందులో ఒక్క ముక్కయినా చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. భూమికి ఏమవుతుందో చదవబోయే పిల్లకు తెలియకుండా ఆమె చదువు కోసం భూమి అమ్మితే, తెలిసిన రోజున ఆ బరువు జీవితాంతం మోస్తుంది. బిడ్డ కోసం త్యాగం అని మీరు అనుకుంటారు, తన నెత్తిన అప్పు అని ఆమె అనుకుంటుంది. అడగకుండా ఆ పని చేయకండి.

సీటు గురించి నాకు పెద్ద అనుమానమే ఉంది. ఈ మధ్య కన్జర్వేషన్, సస్టెయినబిలిటీ, క్లైమేట్ అన్న పేర్లు తగిలించి మాస్టర్స్ కోర్సులు కుప్పలుగా వచ్చాయి. పేర్లు బాగుంటాయి, బ్రోషర్ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. కన్సల్టెన్సీకి ఏ యూనివర్సిటీ కమీషన్ ఇస్తుందో ఆ యూనివర్సిటీ మీ అమ్మాయికి 'బెస్ట్ ఫిట్' అయిపోతుంది. అమెరికాలో వన్యప్రాణి, గడ్డిభూముల శాస్త్రాల్లో అసలైన ఎంఎస్ ఎక్కువగా ఒక ప్రొఫెసర్ దగ్గర సొంత పరిశోధనతో థీసిస్ చేసేది. ఆ ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు డబ్బుంటేనే విద్యార్థిని తీసుకుంటారు, ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. థీసిస్ లేకుండా క్లాసులు విని డిగ్రీ పట్టుకునే కోర్సులకే మొత్తం ఫీజు మనం కట్టాలి. 40 లక్షలని కన్సల్టెన్సీ చెప్పిందంటే రెండో రకమే అయ్యుండే అవకాశం ఎక్కువ. అదే నిజమైతే సీటు వచ్చిందని సంబరపడాల్సిన పని లేదు. డబ్బు కట్టేవాళ్లకు అలాంటి సీటు దొరుకుతుంది.

చదువయ్యాక ఉద్యోగం సంగతి కూడా కన్సల్టెన్సీ చెప్పి ఉండదు. అక్కడ ఈ రంగంలో అతి పెద్ద యజమాని ప్రభుత్వం. అటవీ సేవ, చేపలు-వన్యప్రాణి సేవ, భూ నిర్వహణ బ్యూరో లాంటి కేంద్ర సంస్థల ఉద్యోగాలు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. ఇక మిగిలేవి స్వచ్ఛంద సంస్థలు, యూనివర్సిటీలు. భూములు కొనే సంస్థల్లో సైంటిస్టులు కొద్దిమందే ఉంటారు. భూమి వ్యవహారాలు తెలిసిన లాయర్లు, విరాళాలు తెచ్చేవాళ్లు, కంచెలు, నీళ్లు, పశువులు చూసుకునే స్థానికులు కావాలి వాళ్లకు. చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి మీద ఏడాది, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ) జాబితాలో ఉంటే మూడేళ్ల దాకా పనిచేయొచ్చు. ఆ తర్వాత హెచ్1బీకి దరఖాస్తు పెట్టే స్తోమత చిన్న సంస్థలకు తక్కువ. యూనివర్సిటీలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు లాటరీ బాధ లేదు, అక్కడ కాస్త మెరుగు. సాఫ్ట్‌వేర్ పిల్లలు అప్పు తీర్చిన లెక్కతో ఈ రంగాన్ని లెక్కవేస్తే దెబ్బతింటారు. జీతాలు ఆ స్థాయిలో ఉండవు.

కార్బన్ క్రెడిట్ల ఉద్యోగాల గురించి కూడా అమ్మాయి వినే ఉంటుంది. చెట్లు నాటించో, అడవులు నరకకుండా కాపాడో, గాల్లో అంత కార్బన్ తగ్గించామన్న లెక్కను కంపెనీలకు అమ్మే వ్యాపారం అది. 2023లో అడవుల క్రెడిట్ల మీద వచ్చిన విమర్శలతో ఆ మార్కెట్ ఎంత కుదుపుకు లోనైందో చూశాం. దాన్ని నమ్ముకుని జీవితాన్ని కట్టుకోమని నేనైతే చెప్పను.

ఇక ఇక్కడి సంగతి. మన దగ్గర ఒక సంస్థ వెయ్యెకరాలు కొనాలంటే మూడు నాలుగు వందల కుటుంబాల పాసుపుస్తకాలు చేతులు మారాలి. అది జరిగే పని కాదు, జరగకూడదు కూడా. ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరులెవరూ, ఎంత మంచి ఉద్దేశం ఉన్నా, అక్కడ భూమి కొనలేరు. అందుకే మన దేశంలో ఈ పని చిన్న చిన్న ముక్కల్లో జరుగుతుంది. కేరళ వయనాడ్‌లో తిరునెల్లి - కుద్రకోటె ఏనుగుల దారి ఉంది. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అక్కడి చిన్న ఆవాసాల కుటుంబాలతో ఏళ్లతరబడి మాట్లాడి, భూమి కొని, వేరేచోట ఇళ్లు కట్టించి, ఆ నేలను అటవీ శాఖకు అప్పగించింది. తెలంగాణలో కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలున్న రాంపూర్, మైసంపేట కుటుంబాలు 2024లో బయటికి వచ్చాయి. కొందరు 15 లక్షల నగదు, కొందరు భూమి ఎంచుకున్నారు. ఈ రెండుచోట్లా అన్నిటికంటే కష్టమైన పని జంతువుల లెక్క కాదు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని, ఆయన ఎందుకు కదలనంటున్నాడో వినడం. ఆ పని చేయగలిగే చదువుకున్న పిల్లలు ఈ రంగంలో చాలా తక్కువ. మీ అమ్మాయి వాన కోసం ఆకాశం చూసిన ఇంట్లో పెరిగింది. ఎంత ఫీజు కట్టినా కొనుక్కోలేని అర్హత అది.

మీ ఇంటికి దగ్గర్లోనే చూడదగ్గ చోటు ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990 ప్రాంతంలో 32 ఎకరాల పనికిరాని నేల కొని మొదలుపెట్టారు. తర్వాత కొనడం మీద పోలేదు. ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి, ప్రభుత్వ బంజరును మంట పడకుండా, నరకకుండా కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడది కల్పవల్లి, ఏడువేల ఎకరాలకు పైగా ఉంది. ఈతచెట్లు, గడ్డి, తోడేళ్లు, జింకలు, గొర్రెల మందలు అన్నీ అక్కడే. కానీ రికార్డుల్లో అది బంజరే కావడంతో గాలిమరల కంపెనీకి అందులోంచి చోటిచ్చారు. కొండల మీద రోడ్లు కోశారు, ఊళ్లవాళ్లు ఏమీ ఆపలేకపోయారు. పట్టా లేకుండా కాపాడితే ఏమవుతుందో కల్పవల్లిలో చూడొచ్చు, పట్టా కొని కాపాడితే ఏమవుతుందో మోంటానాలో చూడొచ్చు. ఈ రెంటి మధ్య దారి వెతకడమే రాబోయే ముప్పై ఏళ్ల పని. ఆ పని మీ అమ్మాయి వయసువాళ్లదే.

చదువుల విషయానికొస్తే, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీ ఉన్నాయి. సీట్లు చాలా తక్కువ, ఖర్చు మీ నాలుగెకరాల జోలికి రాదు. ఆమెకు మనుషుల వైపు మొగ్గు ఉంటే గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఆనంద్‌లోని ఇర్మా, సామాజిక శాస్త్రాలు నేర్పే హైదరాబాద్ టిస్ ఉన్నాయి. ఉమ్మడి భూముల మీద పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ మన రాయలసీమలోనే ఏళ్లుగా ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్‌తో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయొచ్చని ఆమెకు తెలిసే ఉంటుంది.

స్టైపెండ్ ఉన్న థీసిస్ సీటైతే నిశ్చింతగా పంపండి. గడ్డినేలల శాస్త్రం నేర్చుకోవడానికి మోంటానా మంచి చోటు, తిరిగొచ్చినా ఆ చదువు వృథా పోదు. సొంత డబ్బు కట్టాల్సిన కోర్సైతే వద్దు. ఒక ఏడాది ఇక్కడ ఏదైనా సంస్థలో ఫీల్డ్ పని చేయనివ్వండి. ఆ అనుభవంతో నేరుగా ప్రొఫెసర్లకు రాస్తే తలుపులు వేరేగా తెరుచుకుంటాయి. ఏడాది పోతుందని టెన్షన్ పడకండి, ఈ రంగంలో ఫీల్డ్ అనుభవానికి డిగ్రీతో సమానమైన విలువ ఉంది. పెళ్లి మాట మీరు ఎత్తలేదు, అందుకు సంతోషం. బంధువులు ఎత్తితే మీరే అడ్డుపడండి.

ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి వెంచర్ సంగతి చెప్పండి. పొలం ఎవరు చూస్తారన్న భయం కూడా దాచకుండా చెప్పండి. రేపు ఆమె చేత యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టించండి. ఈ సీటు థీసిస్‌తోనా, గైడ్ ఎవరు, అసిస్టెంట్‌షిప్ (ఫీజు మాఫీ, స్టైపెండ్) ఉందా, రెండో ఏడాది కూడా ఇస్తారా అని నాలుగు ప్రశ్నలు చాలు. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా వెంచర్ వాళ్ల దగ్గర అడ్వాన్స్ ముట్టుకోకండి. వచ్చాక ఆ మెయిల్ నాకు పంపితే మళ్లీ మాట్లాడుకుందాం.