నోటిఫికేషన్ లేని నెలల్లోనూ కోచింగ్ సెంటర్ నడవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హన్మకొండ, వరంగల్, కరీంనగర్ వైపు పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ పెట్టడం, పెట్టినదాన్ని నిలబెట్టుకోవడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. కిరాయి, జీతాలు, ఫీజుల అంకెలు లెక్క తెలియడానికి మేం వేసుకున్నవి. వాటి స్థానంలో మీ వీధి కిరాయి, మీ ఫ్యాకల్టీ రేటు పెట్టి మళ్లీ వేసి చూసుకోండి.

ప్రశ్న: ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. అరిథ్‌మెటిక్, రీజనింగ్ బాగా వచ్చు. మిత్రుడితో కలిసి నక్కలగుట్టలో అరవై సీట్ల హాలు తీసుకుని గ్రూప్స్, పోలీస్ బ్యాచ్ మొదలుపెట్టాలని ఉంది. చేతిలో నాలుగు లక్షలున్నాయి. సరిపోతాయా? (హన్మకొండ)

హాలు అమర్చుకోవడానికి సరిపోతాయి. బ్యాచ్ నడపడానికి మిగలవు. అడ్వాన్సు, బల్లలు, బోర్డు, మైకు, ఫ్యాన్లు, ఇన్వర్టర్‌కే పెద్ద మొత్తం పోతుంది. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది.

నాలుగు నెలల బ్యాచ్ అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 4 గంటలు అంటే మొత్తం 416 గంటలు. గంటకు రూ.500 చొప్పున ఫ్యాకల్టీకి రూ.2,08,000. కిరాయి నెలకు రూ.25,000 అయితే లక్ష. రిసెప్షన్‌లో కూర్చునే మనిషికి రూ.48,000, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్‌కు రూ.32,000, ప్రచారానికి రూ.40,000. ఇవన్నీ కలిపి రూ.4,28,000. పదిమంది చేరినా, అరవైమంది చేరినా ఇది తప్పదు. దీనిపైన ఒక్కో అభ్యర్థికి మెటీరియల్, టెస్ట్ పేపర్ల ప్రింటింగ్ రూ.1,200.

కరపత్రంలో ఫీజు రూ.12,000 వేసినా తగ్గింపులు, రాని బకాయిలు పోను చేతికొచ్చేది సగటున రూ.10,000 అనుకోండి. మెటీరియల్ పోగా ఒక్కొక్కరి మీద మిగిలేది రూ.8,800. 49 మంది చేరితే గానీ ఖర్చులు రావు. నలభైమందే వస్తే రూ.76,000 నష్టం. హాలు నిండి అరవైమంది వచ్చినా మిగిలేది లక్షే, దాన్ని మీరిద్దరూ పంచుకోవాలి.

ఇప్పుడు అదే హాల్లో సాయంత్రం రెండో బ్యాచ్ పెట్టి చూడండి. కిరాయి, రిసెప్షన్ ఖర్చు మొదటి బ్యాచ్ మీదే పడిపోయింది. ఫ్యాకల్టీకి, కొంచెం కరెంటుకు, కొంచెం ప్రచారానికి కలిపి రూ.2,40,000 పెడితే చాలు. 28 మంది చేరితే ఖర్చు తీరుతుంది. అందుకే రెండో బ్రాంచి ఆలోచన వచ్చినప్పుడల్లా ముందు మీ హాలు రోజులో ఎన్ని గంటలు ఖాళీగా ఉంటోందో చూడండి. సాయంత్రం బ్యాచ్ ఎన్నింటికి ముగించాలో మాత్రం బస్సులను బట్టి నిర్ణయించుకోండి. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, ధర్మసాగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు తిరుగు బస్సు దొరకకపోతే రెండో వారం నుంచే రావడం మానేస్తారు.

మీ నాలుగు లక్షలకు మా సలహా ఇది. పూర్తి గ్రూప్స్ కోర్సు ఇప్పుడే వద్దు. ఏదైనా స్కూలు హాలును సాయంత్రం గంటల లెక్కన తీసుకుని అరిథ్‌మెటిక్, రీజనింగ్ మాత్రమే రోజుకు రెండు గంటలు చెప్పండి. పోలీస్, గ్రూప్-4, ఎస్సెస్సీ (కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్), రైల్వే, బ్యాంకు అభ్యర్థులందరికీ ఈ రెండూ కావాలి. ఒక్క నోటిఫికేషన్ ఆగినంత మాత్రాన బ్యాచ్ ఖాళీ కాదు. ఫ్యాకల్టీ మీరే కనుక పెద్ద ఖర్చు తప్పుతుంది. బయట చెప్పడానికి మీ కాలేజీతో ఉన్న ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. పెద్ద బ్యాచ్‌కు వెళ్లేటప్పుడు మూడు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. పై లెక్కలో ప్రచారం, ప్రింటింగ్ పోను అది నెలకు రూ.97,000, అంటే మూడు నెలలకు దాదాపు మూడు లక్షలు.

మిత్రుడి విషయం కూడా కాగితం మీద పెట్టండి. ఇద్దరిలో ఒకరు రోజూ మూడు గంటలు పాఠం చెప్పి, రెండోవారు లెక్కలు చూసుకుని, చివర్లో లాభం సగం సగం అంటే ఏడాది తిరగకముందే తగాదా వస్తుంది. పాఠం చెప్పినవారికి మొదట గంటల లెక్కన డబ్బు ఇచ్చేయాలి. మిగిలినదాన్నే లాభంగా పంచుకోవాలి.

ప్రశ్న: "పరీక్ష అయ్యేదాకా క్లాసులు" అని రాస్తే తప్ప ఎవరూ చేరడం లేదు. పక్క సెంటర్లన్నీ అదే రాస్తున్నాయి. ఫీజు కూడా మొదటి వాయిదా తర్వాత రావడం లేదు. ఏం చేయాలి? (పరకాల)

ఆ ఒక్క మాటే సెంటర్లను ముంచుతోంది. గ్రూప్-2 సంగతే చూడండి. 783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, తర్వాత నవంబరు అన్నారు, ఆ తర్వాత 2024 జనవరి, ఆగస్టు అన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. నాలుగు నెలల ఫీజు తీసుకుని "పరీక్ష అయ్యేదాకా" అని రాసిచ్చిన సెంటరు ఆ మాట నిలబెట్టుకోవాలంటే రెండేళ్లు నడపాలి. నిలబెట్టుకోకపోతే పరకాల లాంటి ఊళ్లో ఆ మాట వారంలో అందరికీ తెలిసిపోతుంది.

రసీదు మీద గంటలు రాయండి: "104 రోజులు, 416 గంటలు, 16 వారాంతపు టెస్టులు." సబ్జెక్టువారీగా ఎన్ని గంటలో ఆ వెనకే ముద్రించండి. పరీక్ష వాయిదా పడితే పాత విద్యార్థులకు నెలవారీ చిన్న ఫీజుతో రీడింగ్ రూమ్, టెస్ట్ సిరీస్ ఇవ్వండి. కొత్త తేదీ ఖాయమయ్యాక పది రోజుల రివిజన్ పెట్టండి, దాని ఫీజు కూడా మొదటిరోజే చెప్పండి. ఇలా రాస్తే మొదటి బ్యాచ్‌లో కొందరు తగ్గుతారు. అయినా ఇదే రాయమంటాం. ఇచ్చిన మాటకు ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టకుండా ఫీజు నిర్ణయించడం అభ్యర్థికీ అన్యాయమే, మీకూ నష్టమే.

వాయిదాలు చేరేరోజు 40 శాతం, 30వ రోజు 30, 60వ రోజు 30గా పెట్టుకోండి. అరవై రోజులు దాటిన బకాయి సాధారణంగా రాదు. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు చేరి డబ్బు చేతికొచ్చేదాకా ఆగమనే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లకు తేదీ మార్చి రాసివ్వండి, నోటిమాటగా వదలొద్దు. తగ్గింపులు రెండు రకాలకు మించొద్దు. ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు మూడు ఫీజులు కట్టారని తెలిసిన రోజున మిగతా వాయిదాలన్నీ ఆగిపోతాయి.

మధ్యలో మానేసినవారికి మిగిలిన కాలానికి తగిన ఫీజు పది రోజుల్లోగా వెనక్కి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోర్సు నడుస్తుండగా ఫీజు పెంచకూడదనీ అందులో ఉంది. బకాయి కోసం అభ్యర్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం అసలు చేయకూడని పని.

ప్రశ్న: తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పే ఫ్యాకల్టీ బ్యాచ్ మధ్యలో వెళ్లిపోయి ఎదురుగానే సెంటర్ పెట్టారు. ఇరవైమంది ఆయన వెంట పోయారు. మళ్లీ ఇలా జరగకుండా అగ్రిమెంట్ రాయించుకోవచ్చా? (హన్మకొండ)

"మానేశాక ఫలానా చోట పాఠం చెప్పకూడదు" అని రాయించుకున్నా భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం అది సాధారణంగా చెల్లదు. చెల్లేవి వేరే ఉన్నాయి: నెల ముందు నోటీసు, ఒప్పుకున్న సబ్జెక్టు గంటలు పూర్తిచేయడం, మీరు డబ్బిచ్చి తయారుచేయించిన మెటీరియల్ మీద హక్కు మీదేనని ముందే రాయించుకోవడం.

ఇంతకంటే గట్టిగా పనిచేసేది డబ్బు చెల్లించే తీరు. గంటల డబ్బు ప్రతి శనివారం ఇచ్చేయండి. సిలబస్ పూర్తయ్యాక ఇచ్చే బోనస్ విడిగా ఉంచండి. ఫ్యాకల్టీ వెళ్లిపోయిన సెంటర్లలో చాలాచోట్ల మొదటి కారణం రెండు నెలల బకాయే. ఇక ప్రతి పెద్ద సబ్జెక్టునూ ఇద్దరికి పంచండి. ఉద్యమ చరిత్రలో ముల్కీ, 1952 ఆందోళన నుంచి 1969 ఉద్యమం దాకా ఒకరు, ఆ తర్వాతి నుంచి 2014 దాకా మరొకరు. ఒకరు మానేసినా రెండోవారు వారం రోజులు నెట్టుకొస్తారు. ఫ్లెక్సీ మీద ఒక్క మనిషి ఫొటోనే పెద్దదిగా వేస్తే అభ్యర్థులు ఆయన కోసమే చేరతారు, ఆయనతోనే వెళ్తారు.

ప్రశ్న: క్లాసులు బాగానే జరుగుతాయి, డెమోలకు హాలు నిండుతుంది. ఫలితాలు మాత్రం రావడం లేదు. (జమ్మికుంట)

మీ టైమ్‌టేబుల్‌లో టెస్టు తర్వాత ఏముందో చూడండి. చాలాచోట్ల ఆదివారం 150 ప్రశ్నల పేపరు పెడతారు, జవాబుల కీని వాట్సాప్ గ్రూపులో పెడతారు, సోమవారం కొత్త చాప్టరు మొదలవుతుంది. అభ్యర్థికి మార్కులు తెలుస్తాయి, ఎందుకు పోయాయో తెలియదు.

సోమవారం మొదటి రెండు గంటలు టెస్టు విశ్లేషణకే ఇవ్వండి. ప్రతి అభ్యర్థీ తప్పులను మూడు గడుల్లో రాయాలి: చదవనిది, చదివి మరిచింది, తెలిసీ తొందరలో పొరబడింది. మొదటి గడి నిండితే లోపం సిలబస్ కవరేజీలో ఉంది, అంటే మీ దగ్గర. రెండోది నిండితే రివిజన్ లేదు. మూడోది నిండితే టైమ్ పెట్టి ప్రాక్టీస్ చేయించాలి. సగంమంది తప్పుచేసిన ప్రశ్న ఉంటే అది ఫ్యాకల్టీ మళ్లీ చెప్పాల్సిన టాపిక్.

రైల్వే అభ్యర్థులనూ గ్రూప్స్ అభ్యర్థులనూ ఒకే టెస్టులో కూర్చోబెడితే ఇంకో నష్టం ఉంది. గ్రూప్-2లో తప్పు జవాబుకు మార్కు పోదు కనుక ఏ ప్రశ్ననూ వదలొద్దని చెబుతాం. రైల్వే ఎన్టీపీసీ (నాన్-టెక్నికల్ ఉద్యోగాల) పరీక్షలో ప్రతి తప్పుకూ మూడోవంతు మార్కు కోత. గుడ్డిగా అన్నిటికీ జవాబు పెట్టే అలవాటు పడ్డవాడు అక్కడ దెబ్బతింటాడు. ప్రశ్నలు ఒకటే అయినా మూల్యాంకనం రెండు రకాలుగా చేసి, ఎవరి మార్కులు వాళ్లకివ్వండి.

హాజరు కూడా రోజూ చూడండి. మూడు రోజులు వరసగా రానివారికి నాలుగో రోజు ఫోన్ వెళ్లాలి. అది రిసెప్షన్ నుంచి కాకుండా పాఠం చెప్పేవారి నుంచి వెళ్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఆడపిల్లలు మానేస్తున్నారంటే ముందు వాళ్లకు విడిగా, శుభ్రంగా టాయిలెట్ ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా దగ్గర టెస్ట్ సిరీస్ మాత్రమే రాసిన ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. ఫ్లెక్సీ మీద ఫొటోలు వేయొచ్చా? (కరీంనగర్)

వేయొచ్చు, నిజం మొత్తం రాసి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన అభ్యర్థి నుంచి, ఎంపికయ్యాకే, రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చేరేరోజు ఫారంలో సంతకం పెట్టించుకుంటే చాలదు. ఫొటో పక్కన ర్యాంకు, తీసుకున్న కోర్సు, దాని కాలం, ఫీజు కట్టారా ఉచితమా అన్నవి రాయాలి. మీ ఫ్లెక్సీ మీద "టెస్ట్ సిరీస్ మాత్రమే" అని పేరంత స్పష్టంగా కనబడాలి. ఉద్యోగం గ్యారంటీ అనే మాట ఎక్కడా రాయొద్దు. ఇద్దరే అయినా నిజమైన ఇద్దరిని చూసి చేరినవాళ్లు ఫీజు నిలకడగా కడతారు.

ప్రశ్న: నయీంనగర్‌లో సెల్లార్ సగం కిరాయికే వస్తోంది. రీడింగ్ రూమ్ పెట్టుకోవచ్చా? (హన్మకొండ)

వద్దు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చిన ఊరు మనది. 2024 జులై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి నీళ్లు చేరి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. వాళ్లున్నది లైబ్రరీగా వాడుతున్న సెల్లార్‌లోనే. పై అంతస్తు తీసుకున్నా రెండు దారులున్నాయా చూడండి. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ క్లాసు ఉన్న పై అంతస్తుకు మంటలు పాకి 22 మంది పిల్లలు పోయారు.

విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు ఉండాలని పైన చెప్పిన కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాల్లో ఉంది. అరవైమందికి దాదాపు 650 చదరపు అడుగులు. నడిచే దారి, ఆఫీసు, టాయిలెట్లు కలిపితే వెయ్యి దాకా చూసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చేముందే ఆ భవనానికి కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఫైర్ అనుమతి వస్తాయో లేదో కనుక్కోండి. మెట్ల కింద జనరేటర్, దారిలో చెప్పుల స్టాండు పెట్టనివ్వొద్దు.

ప్రశ్న: జీఎస్టీ ఎప్పటినుంచి కట్టాలి? (మహబూబాబాద్)

ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కోచింగ్ ఫీజు మీద 18 శాతం. పైన చెప్పిన లెక్కలో ఏడాదికి మూడు బ్యాచ్‌లు, అరవైమంది చొప్పున నడిస్తే 18 లక్షలు. సాయంత్రం బ్యాచ్ చేర్చగానే హద్దు దాటుతారు. రీడింగ్ రూమ్ వసూళ్లు, పుస్తకాల అమ్మకం కూడా ఈ 20 లక్షల లెక్కలోకి వస్తాయి.

కరపత్రంలో రూ.12,000 అని ఊరికే వేసి, పన్ను విడిగా అడగలేకపోతే అందులో రూ.1,831 ప్రభుత్వానిదే, మీకు మిగిలేది రూ.10,169. కోర్సు మొత్తానికి ముందే ఫీజు తీసుకుంటే తీసుకున్న నెల లెక్కలోనే పన్ను పడుతుంది, నెలనెలా పంచి కట్టడం కుదరదు. నిరుడు టర్నోవర్ 50 లక్షల లోపున్న సేవా సంస్థలకు మొత్తం టర్నోవర్ మీద 6 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది. అందులో ఆ పన్నును అభ్యర్థుల నుంచి వసూలు చేయకూడదు, కొనుగోళ్ల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కోచింగ్‌లో పెద్ద ఖర్చులైన ఫ్యాకల్టీ, జీతాల మీద వెనక్కి రావాల్సిన పన్ను ఎలాగూ తక్కువే కనుక చిన్న సెంటర్లకు చాలావరకు ఇదే అనుకూలం. బ్యాచ్ ప్రకటించకముందే మీ ఆడిటర్‌తో కూర్చుని, పన్ను కలిపిన ఫీజునే కరపత్రంలో వేయండి.