మారిషస్ టూర్‌లో పోర్ట్ లూయిస్‌కి ఒక రోజంతా పెట్టడం దండగా?

ఐదారు రోజుల ప్యాకేజీలో రాజధాని పోర్ట్ లూయిస్‌కి ఒక రోజంతా ఇవ్వడం దండగ కదా, బీచ్‌లు చూసుకుంటే సరిపోదా అని అడిగారు. దండగ కాదు. నన్నడిగితే మొత్తం టూర్‌లో ముందుగా ఖాయం చేసుకోవాల్సిన రోజు అదే. తెలుగువాళ్లయితే మరీను.

మన దగ్గర అమ్మే ప్యాకేజీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఐల్ ఓ సెర్ఫ్ బోటు, షమరెల్ రంగుల మట్టి, గంగా తలావ్, చివర్లో కోడాన్ వాటర్‌ఫ్రంట్ దగ్గర గంటసేపు షాపింగ్. ఆ గంటతో రాజధాని చూసేసినట్టే లెక్క. ఒక రోజు ఖాళీగా వదలమని మా ఏజెంట్‌ని అడిగితే "అక్కడేముంది సార్, ట్రాఫిక్ తప్ప" అన్నాడు. ట్రాఫిక్ మాట నిజమే. కానీ 2019 చివర్లో మెట్రో మొదలైంది, ఇప్పుడు క్యూర్‌పిప్ అనే ఊరి దాకా నడుస్తోంది. రోజ్ హిల్ నుంచో క్యూర్‌పిప్ నుంచో ఎక్కితే నేరుగా పోర్ట్ లూయిస్‌లో దిగుతారు. టాక్సీవాళ్లు చెప్పే రేట్లు వింటే మెట్రో విలువ తెలుస్తుంది. వారం మధ్యలో, ఉదయమే వెళ్లండి. సాయంత్రం ఆఫీసులు వదిలేశాక ఊరు ఖాళీ అయిపోతుంది, ఆదివారం అసలు కళే ఉండదు. పైగా మధ్యాహ్నం ఎండ మన కోస్తా ఎండే. క్యూర్‌పిప్‌లో స్వెట్టర్ వేసుకుని బయల్దేరినవాళ్లు ఇక్కడ దిగేసరికి చెమటలు కక్కుతారు.

ముందు సెంట్రల్ మార్కెట్. కూరగాయల వైపు మనకు గైడ్ అక్కర్లేదు. కాకరకాయలు, బీరకాయలు, మునగాకు కట్టలు, కొత్తిమీర అన్నీ తెలిసిన ముఖాలే. వెజిటేరియన్ దొరకదేమోనన్న టెన్షన్ ఉంటే ఢాల్ పూరీ బండి దగ్గర తీరిపోతుంది. శనగపప్పు ఉడికించి పొడిలా చేసి, పిండిముద్దలో పెట్టి, పల్చగా వత్తి కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. రెండేసి జతగా ఇస్తారు. లోపల చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పైన పచ్చిమిరప ముద్ద. కాగితంలో చుట్టి చేతికిస్తే నిలబడే తినాలి. నా ముందు బురఖా వేసుకున్న ఒకావిడ, వెనక టై కట్టుకున్న చైనా ముఖం కుర్రాడు. కారం ఎంత వేయమంటారని అమ్మేవాడు అందరినీ అక్కడి వాడుక భాష క్రియోల్‌లోనే అడుగుతున్నాడు, నన్ను కూడా. తలూపాను. బాగానే వేశాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆప్రవాసీ ఘాట్ గురించి, అంటే మన దేశపు కూలీలు ఓడ దిగిన రేవు. మార్కెట్ నుంచి నడిచి వెళ్లొచ్చు, టికెట్ లేదు. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి బ్రిటిష్‌వాళ్లు మనవాళ్లను తెచ్చారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ మొదటి జట్టుతో వచ్చింది. 1849లో ఈ రేవు పక్కన డిపో కట్టడం మొదలుపెట్టారు. 1920ల వరకూ దాదాపు ఐదు లక్షల మంది మారిషస్‌లో దిగారు. దిగినవాళ్లను ఇక్కడే ఉంచి, పేర్లు రాసుకుని, నంబరు ఇచ్చి, తోటలకు పంచేవారు. ఇప్పుడు మిగిలినది కొంచెమే. నల్లరాతి మెట్లు, ఆసుపత్రి గోడలు, వంటశాల, మరుగుదొడ్ల గుర్తులు. 2006లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఫొటోలో చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే టూర్లవాళ్లు ఎవరినీ ఇటు తీసుకురారు.

ఆ మెట్ల దగ్గర మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. కొంచెం దూరంలో చీర కట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి నన్నే చూస్తోంది. పక్కన స్కూల్ యూనిఫాం వేసుకున్న మనవడు. ఫోన్ పెట్టేశాక దగ్గరికి వచ్చి "తెలుగూ?" అంది. అవునన్నాను. రెండు చేతులూ ఎత్తి "దండం బాబూ" అంది. ఆవిడకు వచ్చిన తెలుగు దాదాపు అక్కడికే. తర్వాతదంతా క్రియోల్, నడుమ ఇంగ్లీషు ముక్కలు. మనవడు మధ్యలో నిలబడి ఇంగ్లీషులో చెప్పాడు.

సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్స్ కాగితం తీసింది. వాళ్ల ముత్తాత ఇమిగ్రేషన్ రికార్డు. ఆరంకెల నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. జిల్లా దగ్గర విశాఖపట్నం అని తెలుస్తోంది. ఊరి పేరు ఏదో గుమాస్తా చెవికి విన్నట్టు ఇంగ్లీషులో కెలికాడు. ఆవిడ దాన్ని ఫ్రెంచి యాసలో "కోతూర్" అంటోంది. ఎలా పలకాలి, అది ఎక్కడుంది, అదీ ఆవిడ ప్రశ్న. కాగితం ఎండకు ఎత్తి రెండుసార్లు చదివాను. "కొత్తూరు మామ్మగారూ" అన్నాను. ఆవిడ మెల్లగా "కొత్తూరు" అంది. ఒత్తు సరిగ్గా పలికేదాకా వదల్లేదు. మనవడు బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి తెలుగు అక్షరాల్లో "కొత్తూరు" అని రాశాడు. తలకట్లు విడివిడిగా, తకారం కింద ఒత్తు బుద్ధిగా పెట్టి. అక్కడ బళ్లలో తెలుగు నేర్పుతారు, వాడు నేర్చుకుంటున్నాడు.

ఏ కొత్తూరో ఎలా చెప్పను? పాత విశాఖ జిల్లాలో ఎన్ని కొత్తూర్లు! ఆ మాటే చెప్పాను. తల ఊపింది, పెద్దగా నిరాశపడలేదు. సింహాచలం చూశారా అని అడిగింది. వాళ్ల ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ ప్రతి ఏడూ చేస్తారట, అమ్మోరు పండగ కూడా. నా ఫోన్లో కొండ మీద గాలిగోపురం ముందు తీసుకున్న ఫొటో ఉంది. చూపిస్తే ఫోన్ తీసుకుని కళ్లకద్దుకుంది.

మాది కాకినాడ. పక్కనే కోరంగి. ఆదివారం వస్తే మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడవడానికి, బోటెక్కడానికి జనం పోటెత్తుతారు. ఆ కోరంగి రేవులో ఓడలెక్కి మనవాళ్లు మారిషస్ వెళ్లారు. అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు అలాగే వచ్చింది. 1839 తుపానుకు ఆ రేవు దెబ్బతింది. కాకినాడలో చదువుకున్నన్నాళ్లూ ఈ సంగతి నాకు ఒక్క మాస్టారు చెప్పలేదు, ఒక్క పాఠంలో చదవలేదు. వాస్కోడగామా ఏ రేవులో దిగాడో బట్టీ పట్టించారు. మా పక్కూరి నుంచి ఓడెక్కినవాళ్ల సంగతి మాత్రం సముద్రం దాటి వెళ్లి తెలుసుకోవాల్సి వచ్చింది. నాకు ఈ రోజుకీ కోపం పోలేదు.

ఇంకో కోపం కూడా ఉంది. మా గ్రూపులో ఒకాయన హోటల్ కుర్రాడి పేరు అప్పడు అని తెలిసి, "పేరు తెలుగు, మాట రాదా" అని అందరి ముందూ నవ్వాడు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు రెండో తరానికే అమ్మమ్మతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. వీళ్లు ఐదారు తరాలుగా చెరకు తోటల్లోంచి రామభజన కాపాడుకొచ్చారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. చైనా కొత్త సంవత్సరానికి, రంజాన్‌కి, తమిళుల తైపూస కావడికి, శివరాత్రికి కూడా సెలవే. దయచేసి అక్కడివాళ్లకు తెలుగు పరీక్షలు పెట్టకండి.

మిగతా ఊరు త్వరగా చెప్తాను. రాయల్ స్ట్రీట్‌లో జుమ్మా మసీదు, దాన్ని ఆనుకునే చైనాటౌన్. మాంసాహారులైతే అక్కడ బూలెట్ తినండి, ఉడికించిన ఉండలను వేడి పులుసులో వేసిస్తారు. మార్కెట్‌లో అలూదా తాగండి, సబ్జా గింజలు వేసిన చల్లటి పాలు. కోడాన్‌లో బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి స్టాంపులు ఉన్నాయి. రంగు వెలిసిపోకుండా గంటకు పది నిమిషాలే లైటు వేస్తారు కాబట్టి టైం అడిగి లోపలికి వెళ్లండి. ఓపిక ఉంటే కోట ఎక్కితే రేవు మొత్తం కనిపిస్తుంది. దీనికోసం బోటు షికారు ఒక పూట తగ్గినా ఏమీ పోదు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీ ఇంట్లో "ఫలానా తాత అన్నగారు ఓడెక్కి వెళ్లి మళ్లీ రాలేదు" అన్న మాట విని ఉంటే, టికెట్లు తీసుకునే ముందే పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. అలా వెళ్లినవాళ్ల రికార్డులు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, పక్కూళ్ల పేర్లు, వెళ్లిన సంవత్సరం సుమారుగానైనా రాసుకుని, ముందే వాళ్లకు మెయిల్ పెట్టండి. పోర్ట్ లూయిస్ నుంచి మోకాకి బస్సులు ఉన్నాయి.