చాక్లెట్ సిస్ట్‌కి చైనీస్ మందు వాడుతున్నాను, పిల్లల కోసం ట్రై చేస్తూ వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 32 ఏళ్లు. మాది కాకినాడ, పెళ్లయ్యాక మూడేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాం. పీరియడ్స్ వస్తే రెండ్రోజులు మంచం దిగలేను, కలిసినప్పుడు కూడా లోపల పొడిచినట్టు నొప్పి. స్కాన్‌లో ఎడమ ఓవరీలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉందన్నారు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర ఇస్తే రోజూ స్పాటింగ్ అవుతోందని రెండు నెలలకే మానేశాను. ఆఫీసులో చైనీస్ ఫ్రెండ్ వాళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నాడి, నాలుక చూసి గర్భసంచికి చల్లదనం పట్టింది, రక్తం కదలకుండా నిలిచిపోయింది అన్నారు. వారానికోసారి ఆక్యుపంక్చర్ సూదులు, రోజూ రెండు పూటలా మూలికల పొడి. నొప్పి కొంచెం తగ్గింది. ఇప్పుడు పిల్లల కోసం ట్రై చేస్తున్నాం, ఇవి కంటిన్యూ చెయ్యొచ్చా? ఆన్‌లైన్‌లో లోపల పెట్టుకునే డిటాక్స్ పెర్ల్స్ కూడా ఆర్డర్ పెట్టాను.

జవాబు: అమ్మా, ముందు ఆ పెర్ల్స్ వచ్చుంటే పారేయండి, రాకపోతే క్యాన్సిల్ చేసేయండి. చిన్న జాలీ గుడ్డలో మూలికల పొడి మూటకట్టి యోనిలో ఒకట్రెండు రోజులు ఉంచుకోమంటారు, తర్వాత ముక్కలు ముక్కలుగా ఏదో బయటికొస్తే అదే లోపలి విషం అని ఫోటోలు పెడతారు. అది విషం కాదమ్మా, ఆ మందు ఒరుసుకుని ఊడిన మీ లోపలి పొర. ఇన్ఫెక్షన్ పైకి పాకితే ట్యూబులు పాడవుతాయి, పిల్లల కోసం చూస్తున్న టైములో అంతకంటే నష్టం ఇంకోటి లేదు. పైగా చాక్లెట్ సిస్ట్ ఉండేది ఓవరీలో, యోనిలో పెట్టిన మూట దాన్ని ఏం చెయ్యగలదు చెప్పండి.

ఇంక సూదుల సంగతి. వీటికి నేను వద్దని చెప్పను. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, పొత్తికడుపు మీద, చీలమండ ఎముకకి నాలుగు వేళ్లు పైన కాలి లోపలి వైపు పెడతారు, మీకూ అక్కడే పెట్టి ఉంటారు. చాక్లెట్ సిస్ట్ వచ్చేది ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు వల్ల, చైనాలో ఆ నొప్పి ఉన్న 106 మంది మీద చేసిన స్టడీ 2023లో వచ్చింది, 12 వారాలు నిజం సూదులు పెట్టినవాళ్లకి ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్ల కన్నా పీరియడ్ నొప్పి బాగా తగ్గింది, కానీ ట్రీట్‌మెంట్ ఆపేశాక ఆ ఫలితం నెమ్మదిగా తగ్గిపోయింది. అంటే నొప్పి తగ్గడం మీ భ్రమ కాదు, నిజమే, కాకపోతే తగ్గింది నొప్పి మాత్రమే, సిస్ట్ అక్కడే ఉంటుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది మోసపోతున్నారు. నా దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది, మూలికల పొడి తాగుతూ నొప్పి లేదు కదా అని ఎనిమిది నెలలు స్కాన్ చేయించుకోలేదు, వచ్చేసరికి 4 సెంటీమీటర్ల సిస్ట్ 7 అయింది. పొడి వల్ల పెరిగిందని అనట్లేదు, చూసుకోకపోవడం వల్ల మాకు తెలియలేదు, ఆ ఎనిమిది నెలలు మాత్రం తిరిగి రాలేదు.

రక్తం నిలిచిపోయింది అని మీ చైనీస్ డాక్టర్ అన్నమాట వాళ్ల పద్ధతిలో చాలా పాతది. ఒకేచోట పొడిచే నొప్పి, నల్లటి గడ్డలు పడటం, నాలుక మీద ఊదారంగు మచ్చలు, ఇవన్నీ కలిపి వాళ్లు ఆ పేరు పెడతారు, లక్షణాలు గమనించిన తీరు మెచ్చుకోవాల్సిందే. మా ఇంగ్లీషు వైద్యం లెక్కలో అయితే గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట ఓవరీ మీద, పేగుల మీద అతుక్కుని నెలనెలా అక్కడే రక్తం కారుతుంది, ఓవరీలో చేరిన ఆ పాత రక్తమే చాక్లెట్ రంగులో చిక్కగా అవుతుంది. చల్లదనానికి దీంతో సంబంధం లేదు, మీరు చన్నీళ్లు తాగడం వల్లో ఏసీలో కూర్చోవడం వల్లో వచ్చింది కాదు, ఆ అపరాధభావం మాత్రం పెట్టుకోవద్దు.

కడుపు మీద ఒక బత్తీ లాంటిది వెలిగించి కాక ఇస్తున్నారా? అది మన వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి జాతి ఆకుతోనే చేస్తారు. వెచ్చదనం హాయిగానే ఉంటుంది, చర్మం కాలకుండా చూసుకోండి చాలు.

నాకు భయమంతా ఆ పొడి గురించే. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా ఇచ్చే ఒక ఫార్ములా ఉంది, గుయ్‌జీ ఫూలింగ్ వాన్ అంటారు, సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసినది, దాల్చిన జాతి చెట్టు లేతకొమ్మ, పైన్ వేళ్ల మీద పెరిగే ఒక బూజు గడ్డ, పియోనీ అనే పూలమొక్క వేరు, ఇంకో రకం పియోనీ వేరు బెరడు, పీచ్ పండు గింజ, ఈ ఐదూ ఉంటాయి. మీకిచ్చింది అదేనో కాదో నాకు తెలీదు గానీ రక్తాన్ని కదిలించే మూలికలు అని వాళ్లు చెప్పేవి ప్రెగ్నెన్సీలో జాగ్రత్త అని వాళ్ల పుస్తకాలే అంటాయి. మీరేమో ట్రై చేస్తున్నారు, పీరియడ్ మిస్సయ్యి టెస్ట్ చేసుకునేలోపే పది పదిహేను రోజులు ఆ పొడి లోపలికి వెళ్లిపోతుంది. అందుకని ట్రై చేస్తున్నన్ని రోజులూ పొడి ఆపేయమనే నా సలహా. మూలికలు ఎండోమెట్రియోసిస్‌కి పనిచేస్తాయా అని 2012లో కోక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) రివ్యూ చేస్తే లెక్కలోకి తీసుకోదగ్గ స్టడీలు రెండే దొరికాయి, రెండూ కలిపి 158 మంది, కొంత ఆశ ఉంది గానీ దాని మీద నమ్మకం పెట్టుకునేంత లేదు.

ఇంకోటి, మూలిక అంటే హాని ఉండదు అనుకోవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే క్లినిక్‌లో ఇచ్చిన చైనీస్ మూలికల్లో అరిస్టలోకిక్ యాసిడ్ ఉన్న వేరు కలిసి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. సింగపూర్‌లో చైనీస్ వైద్యులకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీ డాక్టర్ పేరు ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చే బోర్డు వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూస్కోండి. పొడిలో ఏమేం ఉన్నాయో పేర్లు రాసివ్వమని అడగండి, మంచి వైద్యుడైతే రాసిస్తాడు. ఆ కాగితం మీ గైనకాలజిస్ట్‌కి చూపించండి, ఏమంటారో అని దాచొద్దు. ఒకసారి లివర్, కిడ్నీ టెస్టులు కూడా చేయించుకోండి, రక్తం పలచబడే మందులేమైనా వాడుతుంటే తప్పకుండా చెప్పండి.

డైనోజెస్ట్ సంగతి, మొదటి కొన్ని నెలలు స్పాటింగ్ మామూలే, చాలామందికి తర్వాత సర్దుకుంటుంది, ఆ మాట మీకు ముందే చెప్పి ఉండాల్సింది. కానీ అది వాడుతూ ప్రెగ్నెన్సీకి ట్రై చెయ్యలేం కాబట్టి ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టమనను. పీరియడ్ నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్ర నొప్పి ముదిరాక కాకుండా మొదలవ్వగానే, ఏదైనా తిన్నాక, ఆ రెండు మూడు రోజులే వేసుకోండి, అల్సరో ఆస్తమానో ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు. కలిసినప్పుడు నొప్పికి పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ అని ఉంటుంది, యోని చుట్టూ ఉండే కండరాలు బిగుసుకుపోయుంటే బాగా పనిచేస్తుంది, సిగ్గుపడకుండా అడగండి.

సంవత్సరం ఆగి చూద్దాం అనేది ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకి కాదమ్మా. ఇప్పుడే ఏఎంహెచ్ టెస్టు (ఓవరీల్లో అండాలు ఎన్ని మిగిలాయో అంచనా వేసే రక్త పరీక్ష), స్కాన్‌లో ఫాలికల్స్ (అండాలుండే చిన్న సంచులు) లెక్క, మీవారికి సెమెన్ టెస్టు చేయించుకోండి, మీవారిది వదిలేయొద్దు, మనవాళ్లలో అన్ని టెస్టులూ ఆడపిల్లకే చేయించి ఆ ఒక్కటీ వాయిదా వేస్తుంటారు. ఆరు నెలల్లో ప్రెగ్నెన్సీ రాకపోతే ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ అంటే తొందరపడొద్దు, సిస్ట్ తీసేటప్పుడు మంచి అండాలు కూడా కొన్ని పోతాయి, అందుకే ముందు ఏఎంహెచ్ చూసుకుని మాట్లాడాలి. సీఏ 125 అనే రక్త పరీక్షలో కొంచెం ఎక్కువొస్తే క్యాన్సర్ అనుకుని ఏడవకండి, ఈ జబ్బులో అది పెరుగుతుంది. ఫోలిక్ యాసిడ్ ఇవాళే మొదలుపెట్టండి.

ఒక్కసారిగా ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, లేదా నొప్పితో పాటు జ్వరం వస్తే సూదుల అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి, సిస్ట్ పగిలినా ఓవరీ మెలిపడినా అలాగే ఉంటుంది. మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేయించుకుని సైజు ఎంతుందో, ఏఎంహెచ్ ఎంతొచ్చిందో రాయండి, నేను చూసి చెప్తాను.